నాలుగు బడులు, 126 మంది పిల్లలు: టీకాల లెక్క డైరీ

విజయనగరం చుట్టుపక్కల నాలుగు బడుల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలకి ఏ టీకాలు పడ్డాయి, పడనివాళ్లు ఏ ఇళ్ల పిల్లలు అని చూస్తున్న పని ఇది. ఇంకా నడుస్తోంది. ఇంకో మండలంలో ఏ మాస్టారో, ఏ టీచరో మొదలుపెడితే మాకు వృథా అయిన సమయం వాళ్లకి మిగలాలని రాస్తున్నాను. ఊళ్ల పేర్లు, బడుల పేర్లు రాయను. ఒక తరగతిలో ఇరవై మంది ఉంటే, ఊరి పేరు చెప్తే పిల్లవాడెవరో తెలిసిపోతుంది.

బడి ఏ: చీపురుపల్లి వైపు లోపలి ఊరు, భవనాల పనులకి వలస ఎక్కువ. బడి బి: పూసపాటిరేగ వైపు సముద్రం ఒడ్డు, మత్స్యకారుల పిల్లలు. బడి సి: సాలూరు వైపు కొండ కింద, అంతా గిరిజన కుటుంబాలు, 2022 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా. బడి డి: పట్నంలో ప్రైవేటు ఇంగ్లీషు మీడియం.

స్టేజీ 1: జాబితా, జనాభా లెక్కలు

మొదటి ప్లాను తేలికగా కనిపించింది. మండలం అక్షరాస్యత, ఎస్సీ ఎస్టీ శాతం జనాభా లెక్కల నుంచి తీసుకుని, బడిలో టీకాల శాతం పక్కన పెట్టి, రెండూ కలిసి పెరుగుతున్నాయా అని చూడటం. ఇది రెండు చోట్ల విరిగింది.

ఒకటి, చేతిలో ఉన్న జనగణన 2011ది. అప్పటి విజయనగరం జిల్లా అక్షరాస్యత సుమారు 59 శాతం, శ్రీకాకుళంది సుమారు 62. ఈ అంకెలు వాడి ఇప్పటి పిల్లల గురించి మాట్లాడటం కుదరదు, ఎందుకంటే జిల్లాలే మారిపోయాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి, సాలూరు, పార్వతీపురం వైపంతా మన్యం జిల్లాకి వెళ్లింది. పాత జిల్లా అంకెని కొత్త జిల్లా పేరు పక్కన రాస్తే అది తప్పుడు లెక్కే.

రెండు, బడి ఉన్న ఊరు వేరు, బడిలో ఉన్న పిల్లలు వేరు. బడి డి బస్సు ఎన్నో ఊళ్లు తిరిగి పిల్లల్ని తెస్తుంది. ఆ బడి ఉన్న వార్డు అక్షరాస్యతకీ ఆ పిల్లల ఇళ్లకీ సంబంధం లేదు.

అందుకని ఊరి లెక్క వదిలేసి పిల్లవాడి లెక్కకి దిగాం. కులం వివరాలు పిల్లల్ని అడగలేదు. యూడైస్ (బడుల వివరాల ప్రభుత్వ లెక్క) కోసం బడి ఎలాగూ ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ వివరాలు పంపుతుంది, వాటి మొత్తాలే తీసుకున్నాం.

జాబితా తయారుచేసిన పద్ధతి:

1. హెడ్మాస్టరు గారి అనుమతి కాగితం మీద తీసుకోవాలి. నోటిమాట చాలదు.
2. హాజరు పట్టీ నుంచి పేర్లు రాసి, ప్రతి పేరుకీ ఒక కోడు ఇవ్వాలి. పేర్లు, కోడులు ఉన్న కాగితం బడి బీరువాలోనే ఉండాలి.
3. ఎక్సెల్‌లోకి కోడు, పుట్టిన నెల, తరగతి మాత్రమే ఎక్కాలి.

పుట్టిన నెల తప్పకుండా పెట్టండి, దాని అవసరం తర్వాత తెలుస్తుంది.

ఇప్పటివరకు: ఏ 34, బి 41, సి 22, డి 29. మొత్తం 126. చూసిన టీకా కార్డులు 0.

స్టేజీ 2: ఇంటికి పంపిన ఫారం

ఒక పేజీ ఫారం. అందులో ముఖ్యమైన ప్రశ్న: మీ పిల్లవాడికి అన్ని టీకాలు వేయించారా? అవును, కాదు.

97 ఫారాలు తిరిగొచ్చాయి. 95లో అవును. ఈ అంకె చూసి ఎవరైనా 98 శాతం అని రాసేస్తే జిల్లాకే మంచి పేరు వస్తుంది గానీ దానికి ఏ విలువా లేదు. బడి ఏలో ఒక తండ్రిని అడిగితే చెప్పిన మాట ఇదీ: "సూదులకి మేమెప్పుడూ నేదనం మాస్టారూ, సిస్టరమ్మ పిలిసినప్పుడల్లా ఎట్టుకెల్లినాం." అబద్ధం కాదు. పిలిచినప్పుడల్లా తీసుకెళ్లాడు. పిలిచిన రోజున ఊళ్లో లేకపోతే ఆ పిలుపు అతనికి అందలేదు, అంతే. అన్నీ అంటే ఎన్నో తల్లిదండ్రులకి ఎవరూ లెక్క చెప్పలేదు కూడా.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు కూడా ఇక్కడ సాయపడవు. 2019-21 సర్వేలో దేశం మొత్తం మీద పూర్తి టీకాలు పడినవాళ్లు 76.4 శాతం. కానీ అది 12 నుంచి 23 నెలల పిల్లల లెక్క. రెండో ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) డోసు 16 నుంచి 24 నెలల మధ్య, డీపీటీ (కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం టీకా) రెండో బూస్టరు 5-6 ఏళ్లకి. బడిలో కూర్చున్న పిల్లవాడికి అవసరమైన ఈ రెండూ ఆ అంకెలో లేవు.

అదే సమయంలో భుజం మీద బీసీజీ (క్షయ టీకా) మచ్చ చూద్దామని ఒక ఆలోచన వచ్చింది. ఒక తరగతిలో చూసి ఆపేశాం. టీకా వేసినా కొందరికి మచ్చ రాదు, వచ్చినా అది పుట్టినప్పుడు వేసిన సూది గురించే చెబుతుంది.

ఇప్పటివరకు: 126 మంది, పనికొచ్చే సమాచారం 0.

స్టేజీ 3: కార్డు కళ్లతో చూడటం

మార్చింది ఇదే: పట్టికలో తల్లి మాట, తండ్రి మాట ఒక వరస, కార్డు మీద తేదీ వేరే వరస. రెండూ కలపకూడదు.

కార్డు బడికి తెమ్మంటే పిల్లలు మర్చిపోతారు, తెచ్చినవాళ్లలో కొందరు దారిలో చింపేస్తారు. ఇళ్లకే వెళ్లడం మేలు. వెళ్లే వేళ కూడా ముఖ్యం. పొద్దున్న వెళ్తే ఉపాధి పనికి వెళ్లిపోయి ఉంటారు. పొద్దు గూకే వేళకి ఇంట్లో ఉంటారు, కరెంటు ఉంటే కార్డు చదవొచ్చు, లేకపోతే ఫోను లైటే గతి.

ఒక కార్డు సంగతి రాస్తాను. రేషన్ కార్డు, గ్యాస్ బుక్కు, పాత కరెంటు బిల్లులతో కలిపి చీరల షాపు కవరులో చుట్టి రేకుల కింద చెక్కకి మేకు కొట్టి వేలాడదీశారు. వాన చెమ్మకి మడత దగ్గర రెండు ముక్కలైంది. ఆరు, పది, పద్నాలుగు వారాల గళ్లలో నీలం ఇంకుతో తేదీలు వరసగా ఉన్నాయి. తొమ్మిది నెలల ఎంఆర్ కూడా ఉంది. ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ, ఒక మూల పెన్సిలుతో "ఊళ్లో లేరు" అని రాసి ఉంది. ముసలమ్మ చెప్పింది: "ఆల్లమ్మా ఆల్ల బాబూ ఇజీవాడ తాపీ పనికెల్లినారు బాబూ, సంటిపిల్లని ఒగ్గీలేక ఒట్టుకెల్లిపోనారు." ఆ పెన్సిలు రాతే తర్వాత మా పట్టికలో అన్నిటికన్నా ముఖ్యమైన వరస అయింది.

చూసిన కార్డులు: ఏ 14, బి 19, సి 8, డి 11. మొత్తం 52. అంటే 126లో 41 శాతం.

స్టేజీ 4: కార్డు లేనివాళ్లని వెతకడం

కార్డు లేదంటే టీకా లేదని రాసే పద్ధతి అన్యాయం. కానీ కార్డు లేనివాళ్లని పక్కన పెట్టేసి మిగిలిన 52 మందికే శాతం కట్టడం ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే కార్డు దాచుకున్న ఇల్లూ పోగొట్టుకున్న ఇల్లూ ఒకలాంటివి కావు. వెతికిన చోట్లు:

1. సచివాలయంలో టీకాలు వేసే ఏఎన్ఎం సిస్టర్ల పాత రిజిస్టర్లు. 20 మంది దొరికారు. ఆర్‌సీహెచ్ నంబరు (తల్లీబిడ్డల ఆరోగ్య నమోదు నంబరు) తెలిస్తే పని తొందరగా అవుతుంది. యూ-విన్‌లో (టీకాల ఆన్‌లైన్ నమోదులో) వెతకొద్దు, అది 2023లో ప్రయోగంగా మొదలైంది, మన పిల్లలు 2018-20లో పుట్టారు.
2. తల్లి పుట్టిల్లు. 9 మంది.
3. ప్రైవేటు పిల్లల డాక్టర్ల పుస్తకాలు. 13 మంది, ఒక్కరు తప్ప అందరూ బడి డి పిల్లలే.

రెండో దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలో వెళ్లిన పిల్ల, బిడ్డకి మూడో నెలో అయిదో నెలో వచ్చాక గానీ అత్తింటికి రాదు. బీసీజీ, పోలియో చుక్కలు, పెంటా (అయిదు రోగాలకి కలిపిన టీకా) డోసులు చాలావరకు పుట్టింటి ఊరి సిస్టరు రిజిస్టరులో ఉంటాయి. అత్తింటి ఊరి రిజిస్టరులో ఆ బిడ్డ ఒక్కసారిగా తొమ్మిది నెలల వయసులో ప్రత్యక్షమవుతుంది, లేదా అసలు కనిపించదు. మా పట్టికలో "రికార్డు లేదు" అని పడ్డవాళ్లలో తొలి సంతానమే ఎక్కువ. ఇది తెలియక ముందు తొలి బిడ్డలకి టీకాలు తక్కువ అని తేలబోయింది. ఫారంలో "కాన్పు ఏ ఊళ్లో?" అన్న ప్రశ్న మొదటి రోజు నుంచే పెట్టండి.

ప్రైవేటు పుస్తకాలతో ఇంకో చిక్కు. మా పట్టికలో వరస పేరు ఎంఆర్. పుస్తకంలో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపిన టీకా) అని ఉంది. పెంటా బదులు ఇంకేదో కంపెనీ పేరు స్టిక్కరు. మొదటిసారి ఎక్కించినప్పుడు ఈ పిల్లలందరూ టీకా పడనివాళ్లుగా లెక్కలోకి వచ్చారు. వరసల పేర్లు మందు పేరుతో కాక రోగం పేరుతో మార్చాం: తట్టు మొదటి డోసు, తట్టు రెండో డోసు, కోరింత దగ్గు-కంఠసర్పి-ధనుర్వాతం బూస్టరు. అప్పుడు కుదిరింది.

రికార్డు దొరికినవాళ్లు: ఏ 25, బి 30, సి 16, డి 23. మొత్తం 94, అంటే 75 శాతం. దొరకనివాళ్లు 32.

స్టేజీ 5: అంకెలు

తట్టు రెండు డోసులూ పడ్డవాళ్లు: ఏ 21, బి 24, సి 13, డి 21. మొత్తం 79.

దీన్ని ఒక శాతంగా చెప్పకూడదని గట్టిగా అనుకుంటున్నాను. 94 మీద కడితే 84 శాతం. దొరకని 32 మందికీ పడలేదనుకుంటే 79/126, అంటే 63. వాళ్లందరికీ పడిందనుకుంటే 111/126, అంటే 88. నిజం ఈ 63కీ 88కీ మధ్య ఎక్కడో ఉంది. తట్టు పాకకుండా ఆపాలంటే 95 శాతం కావాలి. ఎంత మంచిగా ఊహించినా ఈ నాలుగు బడులు కలిపి అక్కడికి చేరవు. రికార్డులు సరిగా లేకపోయినా చెప్పగలిగిన మాట ఇది, అందుకే ఈ కింది అంచూ పై అంచూ కట్టే పని ఎవరూ మానొద్దు.

తర్వాత సామాజిక వివరాల వంతు. ముందు తల్లి చదువు చూశాం. రికార్డు ఉన్న 94 మందిలో తల్లి ఏడో తరగతి లోపు చదివినవాళ్లు 40, అందులో రెండో డోసు పడనివాళ్లు 9. ఏడు దాటి చదివినవాళ్లు 54, పడనివాళ్లు 6. అంటే 22 శాతం, 11 శాతం. రెట్టింపు తేడా. టీచర్ల గదిలో అందరూ చెప్పే మాటే నిజమైనట్టు కనిపించింది, తల్లికి చదువు లేకపోతే ఇంతే అని.

అప్పుడు ఆ పెన్సిలు రాత గుర్తుపెట్టుకుని ఇంకో వరస కలిపాం: తొమ్మిదో నెల నుంచి ఇరవై నాలుగో నెల మధ్య మూడు నెలలకి మించి ఊరు వదిలారా? తేదీలు ఎవరికీ గుర్తుండవు. పండగలతో అడగాలి. ఆ ఏడు సంక్రాంతికి ఊళ్లో ఉన్నారా, పైడితల్లమ్మ సిరిమానుకి వచ్చారా, లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఎక్కడున్నారు. ఇలా అడిగితే నెల తేడాలో చెప్పేస్తారు.

ఊరు వదిలినవాళ్లు 22. రెండో డోసు పడనివాళ్లు 9.
ఊళ్లోనే ఉన్నవాళ్లు 72. పడనివాళ్లు 6.

ఊళ్లోనే ఉన్న 72 మందిలో తల్లి చదువు తక్కువైనవాళ్లు 25, పడనివాళ్లు 2. చదువు ఎక్కువైనవాళ్లు 47, పడనివాళ్లు 4. రెండు వైపులా 8 శాతం చిల్లర. తేడా లేదు. చదువు తక్కువ తల్లులే ఎక్కువగా పనికి ఊరు వదిలారు, 22 మందిలో 15 మంది వాళ్లే. మొదట చదువు కింద కనిపించిన తేడాలో ఎక్కువ భాగం వలసది. నాలుగు బడుల లెక్కతో జిల్లా గురించి చెప్పలేం, అంకెలు మరీ చిన్నవి. కానీ ఈ వరస లేకుండా పట్టిక వేస్తే నింద తల్లి మీద పడుతుంది, ఆ నింద పడ్డ తల్లి మళ్లీ సిస్టరు ముందుకి రావడానికి జంకుతుంది. నేను ఈ పని ఆపకపోవడానికి సగం కారణం ఇదే.

బడి బిలో వలస ఇంకో రకం. మగవాళ్లు గుజరాత్ వీరావల్ వైపు పడవల మీదకి వెళ్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుని, 2020 జనవరిలో వదిలిన జాలర్లలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం వాళ్లే. అయితే తండ్రి ఒక్కడే వెళ్తే తల్లీబిడ్డా ఊళ్లోనే ఉంటారు, టీకా ఆగదు. కుటుంబం మొత్తం కదిలితేనే ఆగుతుంది. అందుకని వలస అని ఒకే వరస పెట్టొద్దు, "బిడ్డ కదిలిందా?" అని అడగండి.

ఊళ్లోనే ఉన్నా రెండో డోసు పడని ఆ 6 మందిలో ముగ్గురికి ముందు సూదికి జ్వరం వచ్చి ఇంట్లోవాళ్లు భయపడ్డారు. ఇద్దరికి 2020లో లాక్‌డౌన్ వల్ల టీకాల రోజు జరగలేదు (పుట్టిన నెల వరస పెట్టమన్నది ఇందుకే, దేశం మొత్తం మీదే ఆ ఏడాది పెంటా మూడో డోసు 91 నుంచి 85 శాతానికి పడింది). ఒకరి విషయంలో సీసా విప్పలేదు. ఎంఆర్ మందు ఒకసారి కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. చిన్న ఊళ్లో ఒక్క బిడ్డే వస్తే "వచ్చే నెల రండి" అనేస్తారు. ఒక్క బిడ్డకైనా విప్పొచ్చని రూలు ఉన్నా మందు వృథా అయితే అడుగుతారని సిస్టర్లకి టెన్షన్.

బయట దేశాల పద్ధతి అలాగే తెచ్చుకుందామనుకునేవాళ్లకి ఒక మాట. అమెరికాలో కాలిఫోర్నియాలో బడి వారీగా టీకాల అంకెలు అందరికీ దొరుకుతాయి. అక్కడ సొంత నమ్మకం పేరుతో టీకా వద్దని రాసిచ్చినవాళ్లు ఎక్కువగా ఆదాయం బాగున్న, తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఉండేవారు. 2014 డిసెంబరులో డిస్నీల్యాండ్‌లో తట్టు మొదలయ్యాక ఆ మినహాయింపు తీసేస్తూ చట్టం చేశారు, 2016లో అమలైంది. మన దగ్గర సొంత నమ్మకంతో వద్దన్నవాళ్లు దాదాపు లేరు, అందనివాళ్లే ఎక్కువ. అక్కడ టీకా పడనివాళ్లు ఆదాయం బాగున్న చోట కనిపిస్తే ఇక్కడ పనికి ఊరు వదిలే ఇళ్లలో కనిపిస్తారు. ఏ వరస ఏ వైపు చూపిస్తుందో ముందే అనుకుని పట్టిక వేయకూడదు.

స్టేజీ 6: డీపీటీ బూస్టరు

94 మందిలో రెండో బూస్టరు పడినవాళ్లు 47: ఏ 10, బి 11, సి 10, డి 16. సరిగ్గా సగం. ఇక్కడ వలస కూడా పెద్దగా తేడా చూపించలేదు. అయిదేళ్ల పిల్లవాడు అంగన్‌వాడీ జాబితాలోంచి పోయి బడి జాబితాలోకి వచ్చే వేళకి ఈ సూది పడాలి, ఆ సందులో ఎవరి జాబితాలోనూ ఉండడు. ప్రభుత్వ బడుల్లో కొండ కింద బడి సి ముందుంది, అక్కడి టీచరమ్మ చేరిన రోజే కార్డు అడుగుతుంది కాబట్టి.

డీపీటీ ఏడేళ్ల లోపు వేయొచ్చు. పడని 47 మందిలో ఏడు దాటినవాళ్లు 11. మిగిలిన 36 మంది జాబితా సిస్టర్లకి ఇచ్చాం. చేసిన మార్పులు:

1. టీకాల రోజు బుధవారం కాక శనివారం. జ్వరం వచ్చినా ఆదివారం బడి ఉండదు.
2. ముందు రోజు సాయంత్రం ఆశా అమ్మ ఇంటికి వెళ్లి జ్వరం రావచ్చని, వస్తే ఏ మాత్ర ఎంత ఇవ్వాలో చెప్పి రావడం.
3. ఖాళీ కడుపుతో ఎవరూ రాకుండా మధ్యాహ్న భోజనం అయ్యాకే సూది.

36లో 26 మందికి పడింది. మిగిలిన పదిమందిలో నలుగురు మళ్లీ పనులకి ఊరు వదిలారు, ముగ్గురికి ఆ రోజు ఒళ్లు వెచ్చగా ఉంది, ముగ్గురి ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు.

ఇప్పటివరకు బూస్టరు: 73/94, అంటే 78 శాతం. రికార్డు లేని 32 మంది సంగతి పీహెచ్‌సీ డాక్టరు గారి దగ్గర ఉంది.

తట్టు రెండో డోసు పడని ఆ 15 మందికి మాత్రం ఏమీ చేయలేకపోయాం. ప్రభుత్వ షెడ్యూలులో ఎంఆర్ అయిదేళ్ల వరకే. ఒకటో తరగతిలో లెక్క తీసేసరికి ఆ వయసు దాటిపోయింది. ప్రైవేటులో ఎంఎంఆర్ వేస్తారు, డబ్బు పెట్టగలిగిన ఇల్లు వాళ్లలో ఒకటో రెండో. దీంతో మొత్తం పని ఒక అడుగు వెనక్కి జరపాల్సి వచ్చింది.

స్టేజీ 7: అంగన్‌వాడీకి

బడి ఏ, బి పక్కనున్న అంగన్‌వాడీల్లో మూడు, నాలుగేళ్ల పిల్లలు 58. కొత్త ఫారంలో నాలుగే ప్రశ్నలు: కాన్పు ఏ ఊళ్లో, బిడ్డ ఎప్పుడు కదిలింది, ఇప్పుడు ఎక్కడుంది, సంక్రాంతికి వస్తారా. కార్డు ఫోటో మేమే తీస్తాం.

రికార్డు దొరికినవాళ్లు 49. రెండో ఎంఆర్ పడనివాళ్లు 9. ఊళ్లో ఉన్న అయిదుగురికీ ఒకే శనివారం పెట్టించాం, ఒక్క సీసాకి సరిపడా పిల్లలు ఉన్నారు కాబట్టి సిస్టరుకి ఇబ్బంది లేదు.

బయట ఉన్న నలుగురి తల్లిదండ్రులకి కార్డు ఫోటో వాట్సాప్‌లో పంపి, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో చూపించమన్నాం. ఆధార్ ఏ ఊరిదైనా, బిడ్డ ఎక్కడుంటే అక్కడ ఉచితంగా వేస్తారని చాలామందికి తెలియదు. విజయవాడలో ఒకరికి, హైదరాబాదులో ఒకరికి పడింది, ఆ తేదీలు ఇక్కడి రిజిస్టరులో ఎక్కించాం. మూడో కుటుంబం సంక్రాంతికి వస్తుందట, కనుమ తర్వాత వచ్చే శనివారం సిస్టరు ఒప్పుకున్నారు. నాలుగో ఇంటి ఫోను పనిచేయడం లేదు, వాళ్లని పనికి తీసుకెళ్లిన మేస్త్రీ నంబరు కోసం అడుగుతున్నాం.

ఇప్పటివరకు: 58లో రికార్డు 49, రెండో ఎంఆర్ 47, మిగిలింది 2, రికార్డు వెతకాల్సినవాళ్లు 9.